పెరట్లో కూరగాయలూ పూలూ కలిపే పెంచండి, కానీ ఏది ఎవరి పక్కన, ఎప్పుడు అన్నది చూస్కోండి

మీరు రాసింది మొత్తం చదివానమ్మా. ఇంటి వెనక 20 అడుగులు, 25 అడుగుల జాగా ఉంది, ఎర్ర చెల్క నేల, బీర సొర పందిరి మీదకి పాకాయి కానీ పిందెలు వేలంత అయ్యి పసుపు పడి రాలిపోతున్నాయి, పోయినేడు టమాటా చుట్టూ బంతి పెట్టినా కాయలకి పురుగు పట్టింది, మీ అత్తయ్యగారేమో బతుకమ్మకి మన పెరటి పూలే కావాలంటున్నారు, మీ వారేమో కూరగాయలకే చోటు లేదు పూలు దండగ అంటున్నారు. రెండూ కలిపి పెంచొచ్చా లేదా అని కదా మీ ప్రశ్న.

పెంచొచ్చు, పెంచాలి కూడా. మాది తెనాలి దగ్గర ఊరు, 22 ఏళ్లుగా పెరట్లోనే ఉంటున్నా అనుకోండి, మొదట్లో నేనూ పూలు ముందు వైపు, కూరలు వెనక వైపు అని గీత గీసినట్టు వేరు చేసి పెంచాను, ఆ నాలుగైదేళ్లు సొరకాయలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. రెండూ కలిపాకే కాపు నిలబడింది. అయితే అందరూ చెప్పే మాట ఒకటుంది, బంతి పెడితే పురుగు రాదు అని, అది నమ్మి పెడితే మీకు జరిగినట్టే జరుగుతుంది. పువ్వు కాపలా కాయదమ్మా, పువ్వు పిలుస్తుంది. తేనెటీగనీ పిలుస్తుంది, పురుగునీ పిలుస్తుంది. ఎవర్ని ఎక్కడికి పిలవాలో మనం ముందే అనుకుని పెట్టాలి, వచ్చాక మనం వెళ్లి చూడాలి. నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే.

ముందు మీ పిందెల సంగతి చూద్దాం, అదే తొందర. రాలిన పిందెలు నాలుగు ఏరి బ్లేడుతో నిలువునా కోసి చూడండి. లోపల తెల్లటి సన్న పురుగులు ఉంటే, పైన చిన్న చుక్కలాగా పొడిచిన గుర్తు, దాంట్లోంచి జిగురు కారినట్టు ఉంటే అది పండు ఈగ. లోపల శుభ్రంగా ఉండి ఉత్తినే పసుపు పడి ముడుచుకుపోయి ఉంటే దానికి పుప్పొడి అందలేదని అర్థం. ఈ రెండిటికీ వైద్యం పూర్తిగా వేరు, చాలామంది రెండిటికీ ఒకే మందు కొడతారు, పుప్పొడి అందక రాలే చెట్టుకి మందు కొడితే వచ్చే నాలుగు తేనెటీగలు కూడా రావు, ఇంకా రాలతాయి.

పుప్పొడి సంగతి. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి, పొట్ల వీటన్నిటికీ మగ పువ్వు వేరు ఆడ పువ్వు వేరు. ఆడ పువ్వుకి వెనక చిన్న పిందె అంటుకుని ఉంటుంది, మగ పువ్వుకి ఉత్త కాడ. మొదటి పది పదిహేను రోజులు దాదాపు అన్నీ మగ పూలే వస్తాయి, పూలు పూసి రాలుతున్నాయి అని అప్పుడు కంగారు పడొద్దు. ఆ తర్వాత ఆడ పువ్వు విచ్చుకున్న పూటే మగ పువ్వు పుప్పొడి దాని మీద పడాలి, ఆ పూట దాటితే అయిపోయినట్టే. ఇప్పుడు మీరు గమనించాల్సింది ఏంటంటే ఏ పువ్వు ఏ వేళ విచ్చుకుంటుందో. గుమ్మడి, దోస, కాకర తెల్లవారుజామున విచ్చుకుంటాయి, తేనెటీగలు పొద్దున్నే పని చేస్కుని పోతాయి. సొర, పొట్ల, మనం కూర వండుకునే గీతల బీర మాత్రం సాయంత్రం విచ్చుకుంటాయి. నేతిబీర మళ్లీ పొద్దున. అంటే మీ పందిరి మీద ఉన్న రెండూ సాయంత్రం పూసేవే! పొద్దున పూట తేనెటీగలు ఎన్ని తిరిగినా వాటికి పెద్దగా ఉపయోగం లేదు, వాటికి కావాల్సింది చీకటి పడే వేళ తిరిగే రెక్కల పురుగులు, ముఖ్యంగా పువ్వు ముందు గాల్లో నిలబడి పొడుగు గొట్టంతో తేనె తాగే పెద్ద చిమ్మెటలు.

వాటిని పిలవడానికి సాయంత్రం పూసే పూలే కావాలి. చంద్రకాంత చెట్టు తెలుసు కదా, సాయంత్రం నాలుగైదింటికి విచ్చుకుని పొద్దున్నకి ముడుచుకుంటుంది, అది పందిరికి నాలుగు అడుగుల దూరంలో రెండు మొక్కలు పెట్టండి చాలు. దాని గింజలు, దుంప విషం, చిన్నపిల్లలుంటే కాస్త చూస్కోవాలి, గింజలు నల్లగా మిరియాల్లా ఉంటాయి కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, రాలకముందే ఏరేయండి, లేదంటే పెరడంతా మొలుస్తుంది కూడా. సన్నజాజి పందిరి గుంజకి పాకించినా మంచిదే. మా ఇంట్లో బీర పందిరి పక్కన చంద్రకాంత పెట్టిన సంవత్సరం నుంచీ కాయకి కాయ నిలిచింది, నేను చేసిన మార్పు అదొక్కటే.

ఇవాళ నాటితే ఆ చెట్లు పూసేసరికి టైం పడుతుంది కాబట్టి ఈలోపు మీరే చిమ్మెట పని చేయండి. సాయంత్రం ఆరున్నర ఏడు మధ్య మగ పువ్వు ఒకటి కోసి రేకులు తీసేసి మధ్యలో ఉన్న పుప్పొడి గుండీని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకి సరిపోతుంది. వాన పడే సాయంత్రాలు పురుగులు తిరగవు, పుప్పొడి కూడా తడిసిపోతుంది, జులైలో పిందెలు ఎక్కువ రాలడానికి అదో కారణం. రాసిన పువ్వు కాడకి రంగు దారం కట్టండి, నాలుగైదు రోజుల్లో ఆ పిందె పచ్చగా సాగితే మీ సమస్య పుప్పొడే అని తేలిపోతుంది.

అలా కాకుండా లోపల పురుగు కనిపిస్తే రాలిన ప్రతి పిందెనీ ఏరి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి రెండు మూడు రోజులు ఎండలో పడేయండి, కంపోస్టులో వేయొద్దు, ఆ పురుగు మట్టిలోకి దిగి ఈగగా తయారై మళ్లీ పైకొస్తుంది. పండు ఈగని పట్టే ట్రాప్ కొనేటప్పుడు షాపులో తీగ జాతికి పెట్టే క్యూలూర్ ఎర అని అడగండి, మామిడికి జామకి పెట్టే మిథైల్ యూజినాల్ ఇచ్చేస్తుంటారు, అది బీర మీదకొచ్చే ఈగకి పనిచేయదు, డబ్బులు పోయినట్టే. ట్రాప్‌లో పడేవి మగ ఈగలే, కాబట్టి ట్రాప్ కట్టేశాం కదా అని ఊరుకోకుండా నిలిచిన పిందెలకి పేపర్ సంచి గానీ పాత నైలాన్ గుడ్డ గానీ తొడగండి.

ఇక బంతి. పోయినేడు మీరు టమాటా నారు, బంతి నారు ఒకే రోజు, ఒకే వయసువి నాటి ఉంటారు, అందరం అలాగే నాటుతాం. టమాటాలో కాయ తొలిచే శనగపచ్చ పురుగు ఉంది చూశారా, దాని తల్లి రెక్కల పురుగుకి బంతి మొగ్గ అంటే టమాటా కన్నా ఇష్టం, అందుకే బంతిని ఎర పంటగా పెట్టమంటారు. కానీ టమాటా పూతకొచ్చేసరికి బంతి మొగ్గ మీద ఉండాలి, లేకపోతే అది గుడ్లు ఎక్కడ పెడుతుంది, టమాటా మీదే పెడుతుంది. రైతులకి చెప్పే లెక్క ఏంటంటే 40 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకేసారి నాటాలి, 16 వరసల టమాటాకి ఒక వరస బంతి. అంటే బంతి గింజ టమాటా కంటే రెండు వారాలు ముందు చల్లాలి, మొత్తం కిటుకు అక్కడే ఉంది. మన పెరటి లెక్కకి పది టమాటా మొక్కలకి ఒకటి రెండు పొడుగు రకం బంతి మొక్కలు చాలు. చుట్టూ దడిలాగా పెట్టక్కర్లేదు, పెడితే బంతే మూడడుగులు పెరిగి టమాటాకి ఎండ రానివ్వదు.

ఇంకో మాట, ఎర వేశాక చేపని తీయకపోతే ఎర ఎందుకు? రెండు మూడు రోజులకోసారి పొద్దున్నే బంతి మొగ్గల్ని తిప్పి చూడండి, మొగ్గకి కన్నం ఉన్నా నల్లటి రెట్ట కనపడినా ఆ మొగ్గ తుంచి సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి. అది చేయకుండా వదిలేస్తే మీరు పెరట్లో పురుగుల్ని పెంచి టమాటాకి సప్లై చేస్తున్నట్టు. మీకు పోయినేడు జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఎండలు ముదిరాక, అంటే ఫిబ్రవరి చివర నుంచి, బంతికి ఎర్రనల్లి పడుతుంది, ఆకు వెనక సన్న గూడులాగా అల్లి ఆకు దుమ్ము పట్టినట్టు పాలిపోతుంది. ఆ ముదురు బంతిని పాపం ఇంకా నాలుగు పూలు ఉన్నాయి కదా అని ఉంచితే నల్లి అక్కడినుంచి వంగకీ బెండకీ ఎక్కుతుంది. పూలున్నా సరే పీకేయాల్సిందే, నాకూ మనసొప్పదు కానీ తప్పదు.

బంతి చేసే రెండో మేలు నేల లోపల, దీని గురించి మాత్రం నేను ఎంత చెప్పినా తక్కువే. తొమ్మిదేళ్ల క్రితం టమాటా తీసేసిన మడిలో కనకాంబరం పెట్టాను, ఎంత ఇష్టంగా పెట్టానో, 30 మొక్కలు. మూడు నెలలు బాగానే ఉన్నాయి, తర్వాత ఒక్కోటి మధ్యాహ్నం పూట వాడటం, నీళ్లు పెడితే లేవడం, మళ్లీ వాడటం, చివరికి ఎండిపోవడం. నీళ్లు చాలట్లేదని ఇంకా పెట్టాను. ఒకటి పీకి చూస్తే వేరంతా బుడిపెలు. వేరుముడి నులిపురుగులు. టమాటా, వంగ, బెండ, దోస అన్నిటి వేళ్లలో బతుకుతాయి ఇవి, కనకాంబరానికైతే మరీ గండం. మీకు ఒక గుర్తు చెప్తా, అలసంద, చిక్కుడు వేళ్లకి కూడా బుడిపెలు ఉంటాయి, అవి మంచివి, గాల్లో నత్రజని పట్టేవి, గోటితో గీస్తే ఊడి వస్తాయి. నులిపురుగు బుడిపె ఊడదు, వేరే ఉబ్బిపోయి ఉంటుంది.

ఆ మడిలో మళ్లీ సంవత్సరం జూన్ చివర్లో అంతా బంతే పెట్టాను, ఇంకేం పెట్టలేదు, మొక్కకి మొక్కకి పది అంగుళాలు, నేల కనపడకుండా. మధ్యలో కలుపు మొక్క ఒక్కటి కూడా ఉంచలేదు, ఎందుకంటే కలుపు వేళ్లలో కూడా ఆ పురుగు దాక్కుంటుంది. బంతి వేళ్లలో ఆల్ఫా టెర్థియెనైల్ అని ఒక పదార్థం ఉంటుంది, నులిపురుగుకి విషం అది. కానీ చెట్టు బతికి ఉండి వేళ్లు చురుగ్గా పెరుగుతున్నప్పుడే అది పనిచేస్తుంది, అదీ ఆ వేళ్లు ఉన్నంత మేరే. అందుకే మూలకి ఒక బంతి మొక్క పెట్టి మడంతా బాగుపడాలంటే కుదరదు, కనీసం రెండు నెలలు మడి నిండా ఉండాలి. దసరాకి పూలు కోసుకున్నాం, దీపావళికి కోసుకున్నాం, తర్వాత చెట్లు మొదలు దగ్గర కోసేసి వేళ్లు నేలలోనే వదిలి తవ్వి కలిపేశాను. కార్తీకంలో అదే మడిలో వంగ పెడితే మొక్క వాడలేదు. అప్పట్నుంచీ ప్రతి ఏడాదీ ఒక మడి బంతికే, మడులు మార్చుకుంటూ పోతా. మీ వారికి ఈ మాట చెప్పండి, ఆ చోటు పూలకి పోలేదు, వచ్చే ఏడాది కూరగాయకి నేల తయారవుతోంది.

ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు ఉండకూడదో చెప్తా. మందారం, బెండ, గోంగూర మూడూ ఒకే కుటుంబం, పువ్వు చూస్తేనే తెలుస్తుంది, మూడిటి పువ్వూ ఒకే పోలిక. మందారం ఏళ్ల తరబడి ఉండే చెట్టు, దాని కొమ్మల చివర్లలో పిండినల్లి ఏడాదంతా కాపురం ఉంటుంది, పక్కనే బెండ పెడితే చీమలు మోసుకొచ్చి మరీ దించుతాయి. అందుకే మందారం వీధి వైపు, బెండ పెరటి వైపు. అలాగే మిరప పక్కన గులాబీ వద్దు, రెండిటికీ ఆకు ముడిచే తామర పురుగులు ఉమ్మడి చుట్టాలు. 2021లో మా గుంటూరు జిల్లా మిరప చేలని నల్ల తామర పురుగు ఎలా తుడిచిపెట్టిందో చూసినవాళ్లం, అది పువ్వులోనే గుంపులుగా దాక్కునే రకం, అప్పట్నుంచీ మిరప దగ్గర ఏ పువ్వు పెట్టాలన్నా నేను వెనకాడతా. మిరప చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ అడ్డంగా ఉంచి నీలం జిగురు అట్టలు కట్టుకుంటా.

గన్నేరు పూజకి మంచిదే కానీ ఆకు నుంచి వేరు దాకా విషం, ఆకుకూర మడి పక్కన అసలు వద్దు, తోటకూర కోసేటప్పుడు రాలిన ఆకు ఒకటి కలిసినా ప్రమాదం.

మల్లె ఎందుకు కూరగాయల మధ్య పెట్టకూడదంటే నీళ్ల వల్ల. మల్లెకి డిసెంబరులో నీళ్లు ఆపి, ఆకు రాల్చి, జనవరిలో మోకాలి ఎత్తుకి కత్తిరిస్తేనే మార్చి నుంచి పూత విరగబూస్తుంది. అదే రోజుల్లో టమాటాకి, వంగకి నీళ్లు కావాలి. ఒకే మడిలో ఉంటే మల్లె ఎప్పుడూ పచ్చగా ఆకులేసుకుని కూర్చుంటుంది, పూయదు. మా మల్లె పూయట్లేదు అని అడిగేవాళ్లలో సగం మంది పొరపాటు ఇదే. దానికో మూల చూసి విడిగా పాదు చేయండి. చామంతిదేమో వెలుతురు గొడవ, రాత్రి పొడుగు పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది, వరండా లైటు రాత్రంతా దాని మీద పడితే డిసెంబరు వచ్చినా ఆకుతోనే ఉంటుంది. లైటు పడని చోట పెట్టి, నెల రోజులకి చివర్లు తుంచి, అది చిన్నగా ఉన్నన్నాళ్లూ వరసల మధ్య మెంతి, పాలకూర, ముల్లంగి చల్లుకోండి, అది గుబురయ్యేలోపు మీరు కూర కోసేసుకుంటారు.

కలిపి పెంచడానికి అన్నిటికన్నా తేలికైనవి నిజానికి మనం పూల మొక్కలని అనుకోనివి. నాలుగు కొత్తిమీర మొక్కలు, రెండు సోంపు మొక్కలు, తులసి కోయకుండా పూతకి వదిలేయండి. ఆ సన్న తెల్ల పూల మీదకి వచ్చే చిన్న చిన్న ఈగల్లాంటివి, కందిరీగల్లాంటివి చూస్తే ఏదో దోమ అనుకుంటాం, వాటిల్లో చాలావరకు పేనుబంకనీ గొంగళి పురుగునీ తినే పిల్లలు పెట్టేవే. దడి పక్కన అలసంద వేస్తే దాని కొసల్లో పేనుబంక నల్లగా పడుతుంది, వెంటనే మందు కొట్టకండి, ఒక వారం ఆగండి, అక్షింతల పురుగు వస్తుంది. దాని పిల్ల మొసలి పిల్లలాగా నల్లగా, మీద నారింజ మచ్చలతో ఉంటుంది, అదేదో కొత్త పురుగు అని చంపేసేవాళ్లని ఎంతమందిని చూశానో! దాన్ని అలా వదిలేస్తే అలసంద మీద తిని తిని వంగ మీదకి కూడా వెళ్తుంది.

వంగ అన్నాను కాబట్టి ఒకటి. వంగ పువ్వులో పుప్పొడి పసుపు గొట్టాల్లో ఉంటుంది, వాటి కొసన చిన్న రంధ్రం, ఒళ్లు గట్టిగా జుమ్మని అదిలిస్తేనే పొడి రాలుతుంది. తేనెటీగకి అది చేతకాదు, పెద్ద నల్ల తుమ్మెద చేస్తుంది, తోకకి నీలం చారలుండే చిన్న తేనెటీగ ఒకటి ఉంది అదీ చేస్తుంది. తుమ్మెదకి శంఖపుష్పం, కంది, అవిశ పూలంటే ప్రాణం. దడికి ఒక శంఖపుష్పం తీగ పాకించండి, పూజకి నీలం పూలు, నేలకి బలం, వంగకి తుమ్మెద. పందిరి పాత వెదురు బొంగులకి గుండ్రటి కన్నాలు కనపడితే పారేయకండి, అది తుమ్మెద ఇల్లు. అయితే వంగ కొమ్మ, కాయ తొలిచే పురుగుకి మాత్రం ఏ పువ్వూ ఏమీ చేయలేదు, వాడిన కొమ్మ చివర కనపడగానే రెండు అంగుళాలు కిందకి తుంచి పారేయడమే దానికి మందు.

మీ జాగా ఎలా సర్దుకోవాలంటే, పందిరి ఉత్తరం వైపు గానీ పడమర వైపు గానీ ఉంచండి, చలికాలం సూర్యుడు దక్షిణంగా వాలతాడు కాబట్టి ఉత్తరాన ఉంటే దాని నీడ మడుల మీద పడదు, పడమరన ఉంటే ఎండాకాలం సాయంత్రపు మంట ఆపుతుంది. పందిరి నీడ అంచులో కనకాంబరం, అల్లం, పసుపు బాగా వస్తాయి. మిగతాది మూడడుగుల వెడల్పు మడులు, మధ్యలో అడుగున్నర దారి, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి, మడి తొక్కకూడదు. మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు మడికి రెండు మూడు తట్టలు బాగా చివికిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి. చెల్క నేల నీళ్లు ఆపదు కాబట్టి ఎండుగడ్డో ఎండాకులో పరవండి. పూల మొక్కలకి మాత్రం ఎరువు చెయ్యి బిగించి వేయండి, బలం ఎక్కువైతే బంతి ఆకు పెంచుకుని గాలికి పడిపోతుంది, పూలు తగ్గుతాయి.

బంతిలో ముద్దబంతి దండకీ బతుకమ్మకీ అందం, కానీ రేకులు అంత మూసుకుపోయి ఉంటే తేనెటీగకి పుప్పొడి అందదు, దాని కోసం నాలుగు రేక బంతి మొక్కలు విడిగా ఉంచండి. గింజ కొనక్కర్లేదు కూడా, దేవుడి పటానికి వేసిన దండ బాగా ఎండాక నలిపి చల్లితే మొలుస్తుంది, కాకపోతే హైబ్రిడ్ అయితే అదే పువ్వు రాదు.

మా కోడలిది వరంగల్, బతుకమ్మ పేర్చడం తన దగ్గర్నుంచే చూశాను. గునుగు, తంగేడు, బంతి సరే, గుమ్మడి పువ్వు, బీర పువ్వు కూడా కావాలి మీకు. మా వైపు సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల మీద పెట్టేదీ గుమ్మడి పువ్వే. అంటే మన పండగలకి కూరగాయ చెట్టే పూల చెట్టు అన్నమాట, మీ అత్తయ్యగారికీ మీ వారికీ ఇక్కడ తగాదానే లేదు. కోసేటప్పుడు మాత్రం పిందె లేని మగ పూలే కోయండి, అవీ అన్నీ కోయకుండా చెట్టుకి రెండు మూడు వదలండి, లేకపోతే ఆ పూట విచ్చుకున్న ఆడ పువ్వుకి జత ఉండదు. బంతి గింజ వేసిన దగ్గర్నుంచి బాగా పూసేసరికి రెండు నెలలు, రెండు నెలల పై వారం అనుకోండి, పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. బతుకమ్మకి కావాలంటే ఈ పుష్యమి కార్తె, అంటే ఆగస్టు మొదటి రోజులు, దాటకుండా చల్లేయాలి, సంక్రాంతికి అయితే నవంబరు మొదటి వారం లోపు. చివర తుంచితే పూలు ఎక్కువొస్తాయి కానీ పది రోజులు ఆలస్యం, ఇప్పుడు మీకు టైం తక్కువ కాబట్టి ఈసారి తుంచొద్దు.

మందు సంగతి ఒక్కటి చెప్పి ఆపేస్తా. పూలూ కూరలూ కలిపి పెంచే పెరట్లో షాపు మందు కొడితే పిలిచి పీక కోసినట్టే. వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టినా సరే పువ్వు మీద పడనీయకండి, ఆకు వెనకే కొట్టండి. గుమ్మడికి, దోసకి సాయంత్రం. మీ బీరకి, సొరకి మాత్రం పొద్దున్నే, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

ఈ రెండు రోజుల్లో బంతి గింజ చల్లండి, ఇవాళ సాయంత్రం నాలుగు పూలకి పుప్పొడి రాసి దారం కట్టండి, రాలిన పిందెలు కోసి లోపల పురుగు ఉందో లేదో చూసి నాకు చెప్పండి. టమాటా పెట్టిన మడిలో ఒక పాత మొక్క వేరు ఏమైనా మిగిలి ఉంటే అదీ తవ్వి చూడండి, బుడిపెలు కనపడితే ఈ బంతంతా ఆ మడిలోనే పెట్టించేద్దాం.